అటక మీద దొరికిన పాత కత్తులను ఏం చేయాలి?

పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద గోనెసంచిలో తాతగారి కత్తిపీట, తోలు ఒరలో జానెడు బాకు దొరికాయని, రెండూ తుప్పు పట్టాయని మీరు రాశారు. ఎలా శుభ్రం చేయాలి, బాకుకు విలువ ఉంటుందా, అమెరికాలో ఉన్న తమ్ముడికి పంపొచ్చా అని అడిగారు. దేనికైనా ముందు ఒక మాట. వాటిని సానకు మాత్రం పంపకండి. పంపి నేనొకటి పాడుచేసుకున్నాను.

అది మా నానమ్మ కత్తిపీట. మాది కాకినాడ. అలుగు, అంటే కోసే రేకు, నల్లగా ఉండేది, నడుమ అరిగి నెలవంకలా లోపలికి వంగింది. కంద, పచ్చిమామిడి, పనస, ఎన్నేళ్లు ఏమేం కోసిందో. ఆ నలుపు నాకు మురికిలా కనిపించింది. వీధి చివర వెల్డింగ్ షాపులో ఇస్తే, కుర్రాడు కరెంటు గ్రైండర్‌తో ఐదు నిమిషాల్లో అద్దంలా చేసి ఇచ్చాడు. ఇంటికొచ్చి వెలుతురులో చూస్తే వాదర (పదునంచు) పొడవునా సన్నటి నీలిరంగు చార. భలే ఉందే అనుకున్నాను కూడా. అమ్మ రెండు రోజులు కూరలు తరిగి, మూడో రోజు టమాటా తొక్క తెగక నలిగిపోతుంటే, "దీన్ని చంపేశావురా" అంది.

ఆ నీలమే అసలు సంగతి. ఉక్కు సుమారు 300 డిగ్రీల దాకా వేడెక్కితే ఆ రంగు తేలుతుంది. కమ్మరి కొలిమిలో ఎర్రగా కాల్చి, ముంచి చల్లార్చి ఎక్కించిన గట్టిదనం ఆ వేడికి బాగా తగ్గిపోతుంది. ఆ నీలం తేలిన భాగం అరిగిపోయేదాకా ఎంత నూరినా పదును నిలవదు, అంచు మడత పడుతుంది. వెనకటి సానవాళ్లు సైకిల్ తొక్కుతూ మధ్యమధ్యలో కత్తిని నీళ్లలో ముంచేది ఊరికే కాదు.

ఇక తుప్పు. పాత కత్తుల మీద రెండు రకాల పొరలు ఉంటాయి. వేలితో రుద్దితే ఎర్రటి పొడి రాలితే అది తుప్పు, ఉక్కును తింటూ లోపలికి పోతుంది. నల్లగా, నీలి బూడిదరంగులో, రుద్దినా రాలకుండా ఉండేది వేరు. పులుపు, గాలి, చేతి తడి తగిలి ఏళ్ల తరబడి పట్టిన పొర అది. కత్తికి అది కొంతవరకు కాపుదల. ఎరుపు తీయండి, నలుపును వదిలేయండి.

కత్తిపీట రేపటి నుంచి వంటింట్లో వాడుకోవలసిన వస్తువు కాబట్టి దానికి భయపడక్కర్లేదు. కుట్టుమిషన్ నూనె రాసి ఒక పూట వదిలేయండి. తర్వాత మెత్తని స్టీలు పీచుతో, అలుగు పొడవునా ఒకే దిక్కుగా తుడవండి. గుండ్రంగా రుద్దితే గీతలు పడతాయి. మొండి తుప్పు ఉన్నచోట పాత రాగి బిళ్ల అంచుతో గీకండి. రాగి ఉక్కు కంటే మెత్తన కాబట్టి తుప్పు ఊడుతుంది, అలుగుకు గీత పడదు. చింతపండు గుజ్జు పట్టించి రాత్రంతా ఉంచమని ఎవరైనా చెబితే వినకండి. తుప్పు పోతుంది నిజమే, దానితో పాటు ఉక్కు కూడా కరిగి గుంటలు పడతాయి. చివరికి సబ్బుతో కడిగి, వెంటనే పొడి గుడ్డతో తుడిచి, చుక్క కొబ్బరినూనె రాయండి. రోజూ వాడే కత్తికి కొబ్బరినూనె చాలు. నెలల తరబడి దాచేదానికి వద్దు.

బాకు సంగతి వేరు. ముందు దాన్ని ఒరలోంచి తీసి బయట పెట్టండి, తోలు చెమ్మ పీల్చుకుని అలుగుకు అంటిస్తుంది. మా వైపు సముద్రపు గాలికి ఒక్క వానాకాలం చాలు. ఒరను పారేయకుండా పక్కన విడిగా దాచండి. నూనె గుడ్డతో తుడవడం మించి ఏమీ చేయకండి. వేడినీళ్లలో అసలు ముంచకండి. పాత బాకుల పిడిని చాలాచోట్ల లక్క పోసి అతికించేవారు. వేడి తగిలితే లక్క కరిగి, పిడి మీ చేతిలో, అలుగు బకెట్లో. నవ్వులాట కాదు, నాకు ఒక చాకుతో సరిగ్గా అదే జరిగింది. తుడిచాక సన్నని నూనె పూత వేసి, నూలుగుడ్డలో చుట్టి, చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు పక్కన పెట్టండి. అలుగును ఉత్తచేత్తో తడిమితే వేలిముద్రల ఉప్పుకే వారంలో మచ్చలు తేలతాయి.

విలువ గురించి. ఫొటో చూసి ధర చెప్పేవాళ్లను నమ్మకండి. ఊళ్లలో దొరికే పాత కత్తులు చాలావరకు లారీ కమాను పట్టీ కొట్టి చేసినవే. మంచి ఉక్కే, పనికి గట్టివి, కానీ డబ్బు రాదు. అయినా మన నేలకు ఉక్కులో చిన్న చరిత్ర లేదు కాబట్టి ఆశ పూర్తిగా వదులుకోనక్కర్లేదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో ఇనుము కరిగించి ఉక్కు ముద్దలు చేసేవారు. 1820ల ప్రాంతంలో హెన్రీ వోయ్‌సీ అనే ఇంగ్లీషు భూగర్భ శాస్త్రవేత్త అక్కడికి వెళ్లి పని చూసి రాసిపెట్టాడు. అతను వెళ్లేసరికి సరుకు కొనడానికి ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వ్యాపారి ఒకడు అక్కడే ఉన్నాడు! ఇరాన్‌లో కత్తులు చేసేవాళ్లకు ఆ ముద్దలంటే అంత గిరాకీ. ఇలాంటి ఉక్కునే ఇంగ్లీషువాళ్లు వూట్జ్ అన్నారు, ఆ మాట మన ఉక్కు నుంచో కన్నడ ఉక్కు నుంచో వచ్చిందనే అభిప్రాయం బలంగా ఉంది. లండన్‌లో కత్తులు చేసే జేమ్స్ స్టోడార్ట్ తన దుకాణం కార్డు మీదే ఇది యూరప్ ఉక్కు కంటే మేలని అచ్చు వేయించుకున్నాడు. 1819లో శాస్త్రవేత్త మైకేల్ ఫారడే ఈ ఉక్కును పరీక్షించాడు, ఆపైన స్టోడార్ట్‌తో కలిసి ప్రయోగాలు చేశాడు.

ఆ ఉక్కుతో చేసిన అలుగు మీద నీటి అలల్లాంటి సన్నని చారలు ఉంటాయి. గరుకు కాగితంతో రుద్దితే ముందు పోయేది ఆ చారలే. మీ బాకు మీద అలాంటివి కాస్త కనిపించినా చేయి ఆపి, మ్యూజియంలో పనిచేసేవాళ్లకు చూపించండి. చారలు బాగా తేలాలని ఇంట్లో యాసిడ్ ప్రయోగాలు చేయకండి. ఇలాంటి చారల కత్తులకు డమాస్కస్ అనే పేరుంది, కానీ ఆన్‌లైన్‌లో ఆ పేరుతో అమ్మేవి వేరే సరుకు. రెండు రకాల ఉక్కు పొరలు అతికించి సాగగొట్టినవి, లేదా పైపైన ముద్ర వేసినవి. హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్‌లో నేను ఒకదాన్ని "నవాబుల కాలంది" అని కొని, ఇంటికొచ్చి పిడి విప్పితే లోపల కొత్త స్క్రూ కనిపించింది. అప్పటి నుంచి కొనే ముందు సాలార్‌జంగ్ మ్యూజియంకి ఒకసారి వెళ్లొస్తాను, కళ్లు సర్దుకోవడానికి. అక్కడ జహంగీర్ బాకుతో పాటు నూర్జహాన్ పండ్లు కోసుకున్న చాకు కూడా ఉంటుంది. అంత పెద్ద రాణిది కూడా చివరికి వంటింటి సరుకే అనిపిస్తుంది నాకు.

తమ్ముడికి పంపడం గురించి. వందేళ్లు దాటిన వస్తువైతే 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది, మామూలు మనుషులు దేశం దాటించకూడదు. అంత పాతది కాదనుకుంటే పురావస్తు శాఖ నుంచి ఆ మేరకు సర్టిఫికెట్ తీసుకుంటే టెన్షన్ ఉండదు. కత్తిపీట కూడా అంత పాతది కాదనుకుంటే దానికి ఆ బాధ లేదు, కాకపోతే చేతి సంచిలో పెట్టుకోకుండా చెకిన్ పెట్టెలో వేయమని తీసుకెళ్లేవాళ్లకు చెప్పండి. ఆయుధాల నిబంధనల్లో అలుగు 9 అంగుళాలకు మించిన పొడవు లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు ఉంటే ఆయుధం అనే లెక్క ఉంది. వంటకు, పొలం పనికి చేసినవి అందులోకి రావు, బాకులు వస్తాయి. జానెడంటున్నారు కాబట్టి అలుగును టేపుతో కొలిచి, మీ ప్రాంతంలో లైసెన్సు అవసరమో కాదో పోలీస్ స్టేషన్‌లో అడగండి.

మా నానమ్మ కత్తిపీట ఏమైందంటే, దాన్ని పారేయలేదు. నీలం తేలింది వాదర అంచునే కాబట్టి, లోపలి ఉక్కు బాగానే ఉంటుందని ఒక కమ్మరి చెప్పాడు. రెండేళ్లుగా ఆదివారాలు తడిపిన సానరాయి మీద చేత్తో నూరుతున్నాను, వేడెక్కనివ్వకుండా. చార ఇప్పుడు కొస దగ్గర గోరంత మిగిలింది. మొన్న అమ్మ దాని మీద ఆవకాయ ముక్కలు కొట్టబోతే వద్దన్నాను, టెంకకు ఇంకా సరిపోదు. బెండకాయలు మాత్రం బాగానే తెగుతున్నాయి.