పాఠకుల ప్రశ్నలు: పంచాయతీ పనిలో జీఐఎస్ పటాలు

ప్రశ్న: నేను కనిగిరి దగ్గర ఒక గ్రామ సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంట్‌గా పనిచేస్తున్నాను. మా ఊరిలోనూ, దాని శివారు పల్లెలలోనూ ఉన్న బోరింగులు, కుళాయిలు, వాటి నీటిలోని ఫ్లోరైడు చూపే మ్యాపు ఒకటి తయారుచేయమని ఎంపీడీవో గారు చెప్పారు. నా దగ్గర ఉన్నదల్లా ఫోనుతో తీసిన అక్షాంశ రేఖాంశాలు, నీటి పరీక్షల ఫలితాలు రాసుకున్న ఒక ఎక్సెల్ ఫైలు. డిప్లొమాలో మాకు జీఐఎస్ (కంప్యూటరులో సమాచారాన్ని పటాలకు జోడించే పద్ధతి) చెప్పలేదు. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి? డబ్బు కట్టి కోర్సులో చేరక తప్పదా?
— ఒక పాఠకురాలు, కనిగిరి ప్రాంతం

జవాబు: కోర్సులో చేరనవసరం లేదు. క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. 2002లో మొదలైన ఈ పనిని ప్రపంచం నలుమూలలా ఉన్న స్వచ్ఛంద ప్రోగ్రామర్లు నేటికీ పెంచి పోషిస్తున్నారు, పంచాయతీకి కావలసిన పనులన్నీ అది చేస్తుంది. దాని శిక్షణ పుస్తకం కూడా ఉచితమే. పద్ధతిగా చదవాలనుకుంటే ఇస్రోకు చెందిన డెహ్రాడూన్‌లోని భారత దూర సంవేదన సంస్థ రుసుము లేకుండా ఆన్‌లైన్ కోర్సులు నడుపుతున్నది. అయితే పాఠాలన్నీ పూర్తిచేసి ఆ తరువాత పటం మొదలుపెడదామని కూర్చోకండి. మీ చేతిలో ఒక నిజమైన పని ఉన్నది. దానికి కావలసినంత వరకు నేర్చుకుంటూ పోతే మిగిలినది వెనకే వస్తుంది.

కష్టం సాఫ్ట్‌వేర్‌లో కన్నా మీ ఎక్సెల్ ఫైలులోనే ఎక్కువగా ఉంటుంది కనుక ముందు దానిని సరిచూసుకోండి. కనిగిరి సుమారుగా ఉత్తర అక్షాంశం 15 డిగ్రీల 24 నిమిషాల దగ్గర ఉన్నది. డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి దశాంశాలలో అది 15.40 అవుతుంది. దానిని 15.24 అని టైపు చేసినవారి బోరింగు పటంలో దాదాపు 18 కిలోమీటర్లు దక్షిణానికి జరిగిపోతుంది. అప్పటికీ అది మన ప్రాంతంలోనే కనిపిస్తుంది గనుక ఎవరికీ అనుమానం రాదు. ఇంకొక పొరపాటు మాత్రం వెంటనే బయటపడుతుంది. ఫైలును క్యూజీఐఎస్‌లోకి తెచ్చేటప్పుడు ఎక్స్ అన్న గడిలో రేఖాంశాన్ని, వై అన్న గడిలో అక్షాంశాన్ని ఎంచుకోవాలి. వాటిని తారుమారు చేస్తే కనిగిరి బోరింగులన్నీ ఉత్తర ధ్రువానికి చేరువలో, నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవులలో తేలుతాయి. అలా కనిపిస్తే కంగారు పడకుండా గడులు మార్చుకోండి. సర్వే నంబర్ల నిలువు వరుసను ముందుగానే టెక్స్ట్‌గా మార్చుకోవడం కూడా అవసరం, ఎందుకంటే 5/2 అని కొట్టగానే ఎక్సెల్ దానిని తేదీగా మార్చివేస్తుంది.

ఊళ్ల పేర్ల ఆధారంగా రెండు పట్టికలను కలపవద్దు. కొత్తపల్లి, కొత్తపాలెం వంటి పేర్లు ఒక్క జిల్లాలోనే ఎన్నో ఉంటాయి, ఒకే పేరును నలుగురు నాలుగు విధాలుగా ఇంగ్లీషులో రాస్తారు. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి జిల్లాకు, మండలానికి, గ్రామానికి ఒక కోడు ఉంటుంది; మీ పట్టికలోని ప్రతి వరుసలో ఆ కోడును చేర్చండి. మన జిల్లాలలో దీని అవసరం మరీ ఎక్కువ. 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లా నుంచి 2022 ఏప్రిల్ 4న కందుకూరు ప్రాంతం నెల్లూరు జిల్లాలోకి, చీరాల, పర్చూరు, అద్దంకి ప్రాంతాలు బాపట్ల జిల్లాలోకి మారాయి. అప్పుడే నెల్లూరు నుంచి గూడూరు, సూళ్లూరుపేట ప్రాంతాలు తిరుపతి జిల్లాకు వెళ్లాయి. ఆ తరువాత వీటిలో కొన్ని సరిహద్దులు మళ్లీ మారాయి. ఇంటర్నెట్‌లో దొరికే సరిహద్దుల ఫైళ్లలో చాలావరకు 2011 జనాభా లెక్కల నాటివి. అందువల్ల మీరు వాడే సరిహద్దు ఏ సంవత్సరానిదో, దాని తరువాత ఏ ఉత్తర్వులు వచ్చాయో చూసుకుని, ఆ సంవత్సరాన్ని పటం మీదనే ముద్రించండి.

ఇక నిర్దేశాంక వ్యవస్థ, అంటే చోటును అంకెలలో చెప్పే పద్ధతి, సంగతి. ఫోను ఇచ్చే అంకెలు డిగ్రీలలో ఉంటాయి. డిగ్రీలలో ఉన్న పొర (పటంలో ఒక రకం సమాచారం ఉండే భాగం) మీద 500 మీటర్ల వలయం గీయబోయి 500 అని కొడితే సాఫ్ట్‌వేర్ దానిని 500 డిగ్రీలుగా తీసుకుంటుంది. కాబట్టి దూరాలు, విస్తీర్ణాలు లెక్కించే ముందు పొరను యూటీఎం (భూమిని మండలాలుగా విడదీసి మీటర్లలో కొలిచే వ్యవస్థ) 44వ ఉత్తర మండలంలోకి మార్చి దాచుకోండి. క్యూజీఐఎస్‌లో దాని సంఖ్య 32644. ఈ మండలం 78 నుంచి 84 డిగ్రీల తూర్పు రేఖాంశం వరకు వ్యాపించి ఉన్నందున ప్రకాశం, నెల్లూరు జిల్లాలు రెండూ పూర్తిగా ఇందులోనే ఇమిడిపోతాయి.

పొరలను దాచే ఫైళ్లలో రకాలు ఉన్నాయి; షేప్‌ఫైల్‌గా కాక జియోప్యాకేజీగా దాచమని నా సలహా. షేప్‌ఫైల్ పాతకాలపు ఏర్పాటు; ఒక్క పొరకు కనీసం మూడు నాలుగు ఫైళ్లు ఉంటాయి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి మరచిపోతే మిగిలినవి పనికిరావు. పైగా నిలువు వరుసల శీర్షికలకు అందులో పది బైట్లే చోటు, ఒక్కొక్క తెలుగు సంకేతం (అక్షరం గాని, గుణింతపు గుర్తు గాని) మూడు బైట్లు తింటుంది. అంటే ‘బోరింగు’ అన్న మాట కూడా పూర్తిగా పట్టదు. తెలుగు పేర్లు యూనికోడ్‌లో ఉండాలన్నది మరొక నియమం. యూనికోడ్ కాని ‘అను’ అనే ఫాంట్లలో టైపు చేసిన పాత జాబితాలను అలాగే అతికిస్తే పటం మీద అర్థం లేని గుర్తులు వస్తాయి. ముందు వాటిని యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. తాగునీటికి భారత ప్రమాణం ప్రకారం ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఆమోదయోగ్యం, వేరే నీటి వనరు లేనిచోట 1.5 వరకు అనుమతిస్తారు. మీ పటంలోనూ ఆ మూడు తరగతులే పెట్టండి: 1 లోపు, 1 నుంచి 1.5, ఆపైన. ఎరుపు, ఆకుపచ్చ తేడా కొందరి కళ్లకు తెలియదు కనుక నీలం, పసుపు, ముదురు గోధుమ రంగులు తీసుకుని, ప్రమాదకరమైన బోరింగులకు గుర్తు ఆకారాన్ని కూడా మార్చండి. ఆఫీసు ప్రింటరులో రంగు అయిపోయిన రోజున ఆకారమే మిమ్మల్ని ఆదుకుంటుంది.

ఒక ఆకర్షణకు మాత్రం లొంగవద్దు. బిందువుల మధ్య ఖాళీని లెక్కగట్టి నింపి, ఊరంతటికీ రంగుల దుప్పటి కప్పినట్టు చూపే పరికరం క్యూజీఐఎస్‌లో ఉన్నది. అధికారులకు అటువంటి పటాలంటే ఇష్టం, చూడగానే శాస్త్రీయంగా కనిపిస్తాయి. కానీ మీ ప్రాంతపు నేల గట్టి రాతి నేల. నీరు రాతి పగుళ్లలో ఉంటుంది. ఒక బోరు ఒక పగులును, యాభై గజాల అవతలి బోరు వేరొక లోతులో వేరొక పగులును తాకవచ్చు. రెండింటి ఫ్లోరైడు సగటు తీసి మధ్యలోని ఇంటివారికి ఫలానా అంకె అని చెప్పడానికి ఆధారం ఏమీ లేదు. పరీక్షించిన చోట బిందువు పెట్టండి, పరీక్షించనిచోట ఖాళీ వదలండి. ఆ ఖాళీని చూసి అక్కడి నీరు కూడా పరీక్షకు పంపమని అడిగేవారు ఉంటే పటం పని చేసినట్టే. ప్రతి బోరింగుకు లోతు, నమూనా తీసిన తేదీ కూడా నమోదు చేయండి. వేసవిలో తీసిన నమూనాను వానల తరువాతి నమూనాతో ఒకే పటంలో పోల్చడం సరికాదు.

చివరగా, 1.5 దాటిన బోరింగు మీద ఆధారపడిన ఇళ్లకు దగ్గరలో మంచి నీరు ఎక్కడ ఉన్నదో చూపండి. వలయం గీసి 500 మీటర్లలోపు అనడం తేలిక, కాని మధ్యలో వాగు ఉంటే ఆ 500 మీటర్లు వానాకాలంలో రెండు కిలోమీటర్లు కావచ్చు. దారి వెంట కొలిచిన దూరమే రాయండి.

ప్రశ్న: నెల్లూరు నగరంలో వార్డు ప్రణాళికా కార్యదర్శిని. ఉపగ్రహ చిత్రం మీద ఇళ్ల రూపురేఖలు గీసి విస్తీర్ణాలు తీశాను. అవి రిజిస్టరులోని అంకెలతో ఎంతకూ కలవడం లేదు. తప్పు ఎక్కడ ఉన్నది?
— ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: మొదట కొలమానం చూడండి. నెల్లూరులో అంకణం అంటే 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు 36. ఎక్కడో తయారైన మార్పిడి సూత్రాన్ని తెచ్చి అతికిస్తే అన్నీ సరిగ్గా రెట్టింపో సగమో వస్తాయి. విస్తీర్ణాన్ని చదరపు మీటర్లలోనే దాచి, అంకణాలను (ఒక్కొక్కటి 6.69 చదరపు మీటర్లు) పక్క గడిలో లెక్కగట్టించండి. యూటీఎంలో తీసిన విస్తీర్ణం భూమి మీది దానికంటే నెల్లూరు దగ్గర ఎకరాకు రెండు చదరపు మీటర్ల మేర తక్కువగా ఉంటుంది. అది పట్టించుకోదగినది కాదు.

తేడా నిష్పత్తిలో కాక ఇష్టం వచ్చినట్టు ఉంటే కారణాలు వేరు. పైనుంచి కనిపించేది కప్పు. చూరు గోడను దాటి ముందుకు వస్తుంది. రెండంతస్తుల ఇంటికి రిజిస్టరులో రెండు అంతస్తుల వైశాల్యం కలిపి ఉండవచ్చు, చిత్రంలో ఒకటే కనిపిస్తుంది. ఉపగ్రహం పక్కనుంచి చూసిన చిత్రంలో ఎత్తైన భవనాలు ఒరిగినట్టు ఉండి, కప్పు పునాది మీద కాక పక్కింటి మీద పడుతుంది. చిత్రమే మొత్తంగా కొన్ని మీటర్లు జరిగి ఉండటమూ కద్దు. అందువల్ల ఈ పటం ఏ ఇల్లు రిజిస్టరులో అసలే లేదో కనిపెట్టడానికి బ్రహ్మాండంగా పనికివస్తుంది, ఎవరి ఇల్లు ఎన్ని అంకణాలో తేల్చడానికి పనికిరాదు. దాని కోసం టేపు పట్టుకుని వెళ్లవలసిందే. ఎవరికైనా నోటీసు ఇవ్వడానికి ఈ అంకెలను ఆధారం చేసుకోవద్దని ప్రత్యేకంగా చెబుతున్నాను.

ప్రశ్న: మాది ఉదయగిరి వైపు పల్లె. మా చెరువు పోరంబోకు ఆక్రమణకు గురైంది. పాత గ్రామ పటాన్ని స్కాన్ చేసి ఉపగ్రహ చిత్రం మీద పరిస్తే ఎవరు ఎంత ఆక్రమించారో తేలిపోతుందని మా వార్డు సభ్యుడు ఒకరు అంటున్నారు. నిజమేనా?
— ఒక సర్పంచి, నెల్లూరు జిల్లా

జవాబు: కొంతవరకే నిజం, సర్పంచి గారూ. పాత మద్రాసు రాష్ట్రపు గ్రామ పటాలలో చాలావాటికి 16 అంగుళాలు ఒక మైలు, అంటే 1:3960 నిష్పత్తి. ఆ కాగితం మీద ఒక మిల్లీమీటరు నేల మీద దాదాపు నాలుగు మీటర్లు. అర మిల్లీమీటరు మందం ఉన్న గీత రెండు మీటర్ల నేలను మింగుతుంది. ఇన్నేళ్లలో కాగితం ముడుచుకుని, సాగి ఉంటుంది. స్కాన్ చేసిన పటాన్ని నేలకు కట్టడానికి లెక్క ప్రకారం మూడు గుర్తులు చాలు గాని, మూడే ఇస్తే తప్పు ఎంత ఉన్నదో సాఫ్ట్‌వేర్ చెప్పలేదు. మూడు గ్రామాల సరిహద్దులు కలిసే చోటి రాళ్లు, పాత తూము, అలుగు, కదలని గుడి వంటివి కనీసం ఎనిమిది, ఊరి నాలుగు వైపులా ఉండేలా తీసుకోండి. ఒక్కొక్క గుర్తు దగ్గర మిగిలే తేడాను క్యూజీఐఎస్ అంకెలలో చూపుతుంది. ఆ తేడా ఆరు మీటర్లయితే, మీ పటం మీద కనిపించే ఆరు మీటర్ల ఆక్రమణ అసలు ఆక్రమణే కాకపోవచ్చు. నలభై మీటర్లు లోపలికి వచ్చిన చేను మాత్రం సందేహానికి చోటివ్వదు. చిత్రం ఏ నెలదో కూడా చూడండి, మే నెలలో ఎండిన చెరువు అంచును హద్దుగా తీసుకుంటే ఊరికే నష్టం.

హద్దును తేల్చే అధికారం 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం కింద సర్వే అధికారులది. వారు చూసేది ఎఫ్‌ఎంబీ (సర్వే నంబర్ల క్షేత్ర కొలతల పుస్తకం) కొలతలను. పాత వాటిలో అవి లింకులలో ఉంటాయి, లింకుకు 20.12 సెంటీమీటర్లు, వంద లింకులు ఒక గొలుసు. అయితే ఊరికే ‘మా చెరువు ఆక్రమించారు’ అని అర్జీ పెట్టడానికి, పటం జతచేసి ఫలానా సర్వే నంబర్లవైపు ఇంతమేర తేడా కనిపిస్తున్నది, అక్కడ కొలిపించండి అని అడగడానికి చాలా వ్యత్యాసం ఉన్నది. పటం మీద మనుషుల పేర్లు రాయకండి, సర్వే నంబర్లు చాలు. చిత్రం తేదీ, పాత పటం సంవత్సరం, మిగిలిన తేడా ఎన్ని మీటర్లో అడుగున ముద్రించి, గ్రామసభలో చూపి, తీర్మానం నకలుతో కలిపి తహసీల్దారు గారికి అందజేయండి.