పగిలిన ముందద్దం: క్లెయిం చేయాలా, చేతి డబ్బు పెట్టాలా?

ప్రశ్న: మాది 2021 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 1197 సీసీ. విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తుంటే ముందు వెళ్తున్న లారీ టైరు కింద నుంచి రాయి ఎగిరి ముందద్దానికి తగిలింది. మొదట చిన్న చుక్కే. మర్నాటికి ఎడమ అంచు దాకా జానెడు పగులు పాకింది. అద్దం మార్చడానికి షోరూంలో రూ.9,200 ఎస్టిమేట్ ఇచ్చారు. క్లెయిం పెడితే మాకు వెయ్యి రూపాయలే పడుతుందంటున్నారు. రెన్యువల్ ఇంకా నాలుగు నెలలుంది. ఇప్పుడు 45% నో క్లెయిం బోనస్ (ఎన్‌సీబీ, క్లెయిం లేని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) వస్తోంది. బోనస్ తీయకముందు ఓన్ డ్యామేజ్ ప్రీమియం (సొంత కారుకు జరిగే నష్టానికి కట్టేది) రూ.8,400. యాడ్-ఆన్‌లు (అదనపు డబ్బు కట్టి తీసుకునే కవర్లు) ఏమీ తీసుకోలేదు. క్లెయిం చేయమంటారా?

జవాబు: వద్దు. మీ డబ్బుతోనే మార్పించుకోండి. షోరూం వాళ్లు చెప్పింది ఈ నెల లెక్క. మీరు చూసుకోవాల్సింది రాబోయే ఐదు రెన్యువళ్ల లెక్క.

ముందు క్లెయిం చేస్తే చేతికి వచ్చేదెంతో చూద్దాం. మీ ఎస్టిమేట్‌లో అద్దం రూ.6,500, చుట్టూ వేసే రబ్బరు బీడింగ్ రూ.600, సీలెంట్, ప్రైమర్ రూ.800, లేబర్ రూ.1,300 ఉన్నాయనుకుందాం. అద్దం మీద తరుగుదల కోయరు, కారు ఎంత పాతదైనా సరే. కాబట్టి జీరో డెప్ (తరుగుదల కోయకుండా ఇచ్చే యాడ్-ఆన్) లేకపోవడం వల్ల అద్దం దగ్గర మీకు నష్టం లేదు. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు మాత్రం సగమే ఇస్తారు. సీలెంట్ లాంటివి కన్జ్యూమబుల్స్ (ఒకసారి వాడితే అయిపోయే సామగ్రి) కిందకు వస్తాయి, ఆ యాడ్-ఆన్ లేనివాళ్లకు సాధారణంగా రావు. 1500 సీసీ లోపు కారుకు ప్రతి క్లెయింలోనూ రూ.1,000 తప్పనిసరి మినహాయింపు ఉంటుంది, అంటే అంత మీరే భరించాలి (ఆపై సీసీకి రూ.2,000). అన్నీ తీసేస్తే కంపెనీ ఇచ్చేది రూ.7,100. అంటే క్లెయిం చేసినా మీ జేబులోంచి రూ.2,100 పోతుంది, వెయ్యి కాదు.

ఇక పోయేదెంత? బోనస్ మెట్లు 20, 25, 35, 45, 50 శాతం. ఒక్క క్లెయిం పడితే ఒక మెట్టు దిగడం కాదు, నేరుగా సున్నాకు వస్తారు. క్లెయిం లేకపోతే వచ్చే రెన్యువల్‌కు మీకు 50% వస్తుంది, ఆపై ఏటా అదే కొనసాగుతుంది. క్లెయిం చేస్తే వరసగా 0, 20, 25, 35, 45. ఐదేళ్ల తేడాలు 50, 30, 25, 15, 5. కలిపితే 125. అంటే ఒక ఏడాది ఓన్ డ్యామేజ్ ప్రీమియానికి ఒకటింపావు రెట్లు.

రూ.8,400కు అది రూ.10,500. దాని మీద 18% జీఎస్టీ కలిస్తే సుమారు రూ.12,400. కారు విలువ తగ్గేకొద్దీ ప్రీమియం కూడా తగ్గుతుంది కాబట్టి ఏటా 10% తగ్గించి చూసినా రూ.11,000 దాకా వస్తుంది. మొదటి రెండు రెన్యువళ్లలోనే జీఎస్టీతో కలిపి రూ.7,600 పైగా ఎక్కువ కడతారు. కంపెనీ ఇచ్చిన రూ.7,100 అక్కడికే చెల్లిపోతుంది.

బోనస్ మీది, కారుది కాదు. రెండేళ్లలో పెద్ద కారు కొనే ఆలోచన ఉంటే ఇది మరీ ముఖ్యం. పాత కారు అమ్మేటప్పుడు కంపెనీ నుంచి ఎన్‌సీబీ సర్టిఫికెట్ తీసుకుంటే మూడేళ్ల లోపు కొత్త కారుకు వాడుకోవచ్చు. కొత్త కారు ప్రీమియం ఎక్కువ కాబట్టి ఆ 50% విలువ ఇప్పటికి రెట్టింపు కావచ్చు. ఒకవేళ ఈ కారు అమ్మేసి ఇక కారే వద్దనుకుంటున్నారా? అప్పుడు దాచుకోవడానికి బోనస్ ఏముంది, నిశ్చింతగా క్లెయిం చేయండి.

ఇదే ప్రశ్న వేరేవాళ్లకు వస్తే జవాబు మారుతుంది. ఇప్పుడు బోనస్ సున్నా ఉన్నవాళ్లకు ఒక క్లెయిం ఖరీదు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 50 శాతమే. 20లో ఉన్నవాళ్లకు 80, 25లో ఉన్నవాళ్లకు 105, 35లో ఉన్నవాళ్లకు 120 శాతం. 45, 50లో ఉన్నవాళ్లకు 125. పాలసీ పత్రంలో ఎన్‌సీబీ తగ్గింపు ఏ అంకె మీద వేశారో చూసి దాన్ని ఈ శాతంతో గుణించండి. థర్డ్ పార్టీ ప్రీమియం ఇందులో కలపకండి, దానికి బోనస్‌తో సంబంధం లేదు. జీఎస్టీ కలిపాక వచ్చిన మొత్తం కంటే చేతికొచ్చే క్లెయిం ఎక్కువైతేనే క్లెయిం. అద్దం వెనక ఏడాస్ (డ్రైవర్‌కు సాయపడే భద్రతా వ్యవస్థ) కెమెరా ఉన్న కార్లకు అద్దం ధరే ఎక్కువ, మార్చాక కెమెరాను మళ్లీ క్యాలిబ్రేట్ చేయించాలి. అక్కడ క్లెయిం వైపే మొగ్గు ఉంటుంది. ఈ పాలసీ ఏడాదిలో ఇప్పటికే ఒక క్లెయిం తీసుకున్నవాళ్లకు బోనస్ ఎలాగూ పోయింది, అద్దానికీ పెట్టేయవచ్చు.

ఈ లెక్కలో ఒక ఊహ ఉంది: రాబోయే ఐదేళ్లు మీకు మరో క్లెయిం రాదని. వచ్చే ఏడాదే పెద్ద క్లెయిం వస్తే ఇప్పుడు దాచుకున్న బోనస్ ఒక్క ఏడాదికే, అంటే సుమారు రూ.4,950కే పనికొస్తుంది. అప్పుడు రెండు వేల చిల్లర నష్టపోయినట్టవుతుంది. నాలుగేళ్లు క్లెయిం లేకుండా నడిపిన మీ విషయంలో ఆ రిస్క్ తీసుకోవచ్చని నా అభిప్రాయం.

డబ్బు పెట్టేముందు పాలసీ వర్డింగ్ ఒకసారి తెరిచి ఎన్‌సీబీ ప్రొటెక్ట్ (క్లెయిం చేసినా బోనస్ పోకుండా కాపాడే యాడ్-ఆన్) ఉందేమో చూడండి. యాడ్-ఆన్‌లు లేవన్నారు గానీ ఏజెంటు ప్యాకేజీలో కలిపేసిన సందర్భాలు ఉంటాయి. అది ఉంటే నా జవాబు తిరగబడుతుంది, క్లెయిం చేయండి. లేకపోతే వచ్చే రెన్యువల్‌లో దాని ధర అడగండి. 50% మెట్టు మీద ఉన్నవాళ్లకు అది కొనదగ్గ యాడ్-ఆన్. అయితే ఇప్పుడు పగిలిన అద్దానికి అది వర్తించదు.

క్లెయిం చేసి, రెన్యువల్‌లో కంపెనీ మార్చి "క్లెయిం లేదు" అని రాయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. కొత్త కంపెనీ పాత కంపెనీని అడిగి తెలుసుకుంటుంది. అబద్ధపు డిక్లరేషన్ బయటపడితే రేపు పెద్ద ప్రమాదంలో క్లెయిం తిరస్కరించే ప్రమాదం ఉంది. షోరూం వాళ్లు మీ తరఫున ఇప్పటికే క్లెయిం నమోదు చేసి ఉంటే, డబ్బు చెల్లించకముందే విత్‌డ్రా చేస్తున్నట్టు కంపెనీకి మెయిల్ పెట్టి, క్లెయిం చెల్లింపు లేకుండా మూసినట్టు రాతపూర్వకంగా తీసుకోండి.

ఇక పని సంగతి. రూపాయి బిళ్లంత చిప్ అయితే రెజిన్ నింపి ఆపవచ్చు. పగులు అంచుకు చేరాక రిపేరు నిలవదు, మార్చాల్సిందే. అప్పటిదాకా ఎండలో కాగిన అద్దం మీదకు ఏసీ గాలి నేరుగా వదలకండి, ఆ ఉష్ణోగ్రత తేడాకే పగులు సాగుతుంది.

షోరూం ఎస్టిమేట్‌తో పాటు కారు అద్దాలు మార్చే ప్రత్యేక షాపుల్లో మరో రెండు కొటేషన్లు తీసుకోండి. ధర తగ్గాలి గానీ సీలెంట్ నాణ్యత తగ్గకూడదు. చాలా కార్లలో పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునేటప్పుడు ముందద్దాన్నే ఆనుకుంటుంది. అతుకు బలహీనంగా ఉంటే అద్దం ఊడిపోతుంది. అద్దం మూలన ఐఎస్ఐ గుర్తు, లామినేటెడ్ అన్న ముద్ర చూడండి. పాత సీలెంట్ కోసేటప్పుడు పెయింట్ గీరుకుంటే ప్రైమర్ వేశాకే కొత్తది వేయమనండి. లేకపోతే తుప్పు మొదలై వానాకాలంలో డాష్‌బోర్డు మీదకు నీళ్లు కారతాయి. బండి ఎన్ని గంటలకు కదపవచ్చో అడగండి, అది వాడిన సీలెంట్‌ను బట్టి మారుతుంది. ఒక రోజంతా వాటర్ వాష్ వద్దు. డోరు గట్టిగా వేస్తే లోపలి గాలి ఒత్తిడి ఇంకా ఆరని అతుకును నెడుతుంది, కాబట్టి కిటికీ అద్దం ఒక వేలెడు దించి ఉంచండి.

పాత అద్దంతో పాటు ఫాస్టాగ్ కూడా పోతుంది, ఊడదీస్తే పనిచేయదు. అదే బ్యాంకులో రీప్లేస్‌మెంట్ ట్యాగ్ అడగండి, బ్యాలెన్స్ అదే ఖాతాలో ఉంటుంది. కొత్త ట్యాగ్ రావడానికి కొన్ని రోజులు పట్టవచ్చు కాబట్టి అద్దం అపాయింట్‌మెంట్ తీసుకున్న రోజే దానికీ అప్లై చేయండి.