ఆరని తడి మూల: రాడాన్ కొలిస్తే లోతు నీరని తేలుతుందా?

హోసకోట దగ్గర మీ తోటలో ఎండాకాలంలోనూ ఆరని మూల ఉందనీ, అక్కడికి లోతు నీరు వస్తోందో లేదో నేలలోని రాడాన్ అనే రేడియోధార్మిక వాయువు చెబుతుందా అనీ అడిగారు. చెబుతుంది, కానీ ఒంటరి సాక్షిగా దాన్ని నమ్మకండి. ఎం.ఎస్సీ. రోజుల్లో బెంగళూరు తూర్పున సరిగ్గా అలాంటి మూల మీదే రెండు వారాలు పనిచేశాను.

ఇక్కడి రాయి నైసు (చారలుండే గట్టి రాయి), గ్రానైటు. లోతు నీరంతా పగుళ్లలోనే. బోరు బండి వాళ్లు "గ్యాపు తగిలింది" అనేది వాటినే. రాతిలోని యురేనియం నుంచి రేడియం, దాని నుంచి రాడాన్ పుడతాయి. రాడాన్ అర్ధాయువు, అంటే అందులో సగం తరిగిపోయే కాలం, 3.8 రోజులే కాబట్టి తనంతట తాను మట్టిలో ఒకటి రెండు మీటర్లకు మించి రాలేదు. లోతు నుంచి రావాలంటే నీరో, మరో వాయువో మోసుకురావాలి.

పది మీటర్లకొకచోట బోలు ఇనుప కడ్డీని ముప్పావు మీటరు లోతుకు దిగగొట్టేవాళ్లం. కడ్డీ చుట్టూ తడి బంకమట్టిని అరచేత్తో గట్టిగా అదమాలి, లేకపోతే బయటి గాలి చొరబడుతుంది. మట్టిలోని గాలిని కొలిచే యంత్రానికి లాగే గొట్టంలోని నీలం సిలికా జెల్ గులాబీ రంగుకు తిరిగిందంటే తేమ పట్టినట్టే, మార్చాలి.

రెండు చోట్ల రాడాన్ మిగతా చోట్లకంటే దాదాపు నాలుగు రెట్లు కనిపించింది. ఒకచోట థోరాన్ (థోరియం నుంచి పుట్టే మరో రకం రాడాన్) కూడా పెరిగింది. దాని అర్ధాయువు 56 సెకన్లే, లోతు నుంచి వచ్చే అవకాశమే లేదు. అంటే అక్కడ రాడాన్ కూడా ఆ మట్టిలో పుట్టిందే కావచ్చు. తడి మూలలో మాత్రం థోరాన్ మామూలుగానే ఉంది, కార్బన్ డయాక్సైడ్ పెరిగింది. అయితే గడ్డివేళ్లూ ఆ వాయువును వదులుతాయి కాబట్టి నాకు తృప్తి కలగలేదు. లోతు వాయువుకు మరో గుర్తైన హీలియం కొలిచే యంత్రం మా దగ్గర లేదు. చివరికి ఊట నీటిని గాలిబుడగ లేకుండా సీసాలో పట్టి, వెంటనే రాడాన్ కొలిచాం. చెరువు నీటిలో దాదాపు ఏమీ లేదు, ఊటలో పక్క బోరు నీటికి దగ్గరగా ఉంది. నన్ను ఒప్పించింది ఆ సీసానే.

వాన పడ్డాక రెండు మూడు రోజులు కొలవకండి. పైమట్టి రంధ్రాలు నీటితో మూసుకుపోయి, వాయువు కింద చిక్కుకుని అంకెలు అన్నిచోట్లా పెరుగుతాయి. రాడాన్ ఎక్కువగా కనిపించిన చోటు చూసి బోరు పాయింటూ పెట్టకండి: అది పగులును చూపవచ్చు గానీ నీరెంతో చెప్పదు.

వీటన్నిటికంటే ముందు పక్క తోట వాళ్లను అడిగి వారం రోజులు డ్రిప్పు ఆపించి, ఆ మూల ఆరుతుందేమో చూడండి.