అమ్మ లేని మొదటి క్రిస్మస్, నవ్వు రాకపోతే విశ్వాసం పోయినట్టేనా?

చెల్లీ, మీ మెసేజ్ నిన్న రాత్రి చదివాను, పొద్దున్న లేచి మళ్ళీ చదివాను. పేరూ ఊరూ రాయొద్దన్నారు, రాయను. కానీ ఇదే బాధలో ఉన్న వేరే తల్లులకి కూడా అర్థమవ్వాలి కదా, అందుకే మీరు చెప్పింది కాస్త ఇక్కడ పెడుతున్నా. ఆగస్టులో మీ అమ్మగారు క్యాన్సర్‌తో ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. మీ ఆయన కువైట్‌లో హౌస్ డ్రైవరు, ఈ ఏడు కూడా సెలవు దొరకలేదు. మీరేమో ప్రైవేట్ హాస్పిటల్లో నర్సు, ఇంట్లో అత్తగారు, ఇంటర్ చదివే బాబు, మూడో క్లాసు పాప. సండే స్కూల్ డ్రామా మీ మీదే, స్త్రీల సమాజం పాట మీ మీదే, పిండి వంటలూ మీ మీదే. "అందరికీ హ్యాపీ క్రిస్మస్ అని నవ్వుతూ చెప్తున్నా అక్కా, ఇంటికొచ్చి మోకరిస్తే నోట మాట రావట్లేదు, నా విశ్వాసం పోయిందేమో అని భయంగా ఉంది" అన్నారు. దానికి తోడు బాబు ఈసారి చర్చికి రానన్నాడు. ఇంటి మీద నక్షత్రం కూడా కట్టలేదని, వీధిలో వాళ్ళు ఏమనుకుంటారని అత్తగారు రోజూ అంటున్నారు.

అమ్మ పోయి నాలుగు నెలలే అయింది చెల్లీ. మాట రాకపోయినా మీరు మోకరించారు, అది ప్రార్థన కాదని మీకెవరు చెప్పారు? దావీదు కీర్తనల్లో సగం ఏడుపే కదా, ఎంతకాలం ప్రభువా అని అడగడమే కదా. అవి కూడా బైబిల్లోనే ఉన్నాయి, ఎవరూ తీసేయలేదు.

ఇంకో విషయం, ఇది నాకు చాలా ముఖ్యం. మన దగ్గర డిసెంబర్ ఒకటో తారీఖు నుంచే సెమీ క్రిస్మస్‌లు మొదలు, స్కూల్లో ఒకటి, ఆఫీసులో ఒకటి, ప్రతి సంఘంలో ఒకటి, రోజూ కేకు కోయడం, రోజూ నవ్వడం. నేను వాటిని తప్పు పట్టట్లేదు, నేనూ వెళ్తాను. కానీ చర్చి క్యాలెండర్లో పండగకి ముందు నాలుగు ఆదివారాలు ఆగమన కాలం, అంటే ఎదురుచూసే కాలం, చీకట్లో కూర్చుని వెలుగు కోసం చూసే రోజులు అవి. మీరు ఇప్పుడు చేస్తున్నది అదే. పండగ అయిన మూడో రోజు, 28న, హేరోదు రాజు చంపించిన బేత్లెహేము పసిపిల్లల్ని తలుచుకునే రోజు ఉంది, చాలా సంఘాల్లో అది ఎవరికీ గుర్తు కూడా ఉండదు. ఆ పిల్లల సంగతి చెప్తూ మత్తయి తన సువార్తలో ఓదార్పు పొందనొల్లని తల్లి ఏడుపు గురించి రాశాడు. క్రిస్మస్ వారంలోనే ఏడ్చే తల్లికి చోటు ఉంది. మరి మన ఇళ్ళల్లో ఎందుకుండదు?

ఇక బాబు సంగతి. అమ్మమ్మ కోసం అంత ప్రార్థన చేశాం కదా, ఉపవాసాలు కూడా ఉన్నాం కదా, ఏమైంది అని అడిగాడన్నారు, మీరు "అలా అనకూడదు, పాపం" అని ఊరుకోబెట్టారు. నాకైతే ఆ పిల్లాడు మీ మనసులో ఉన్న ప్రశ్నే పైకి అడిగాడు అనిపిస్తోంది. అమ్మమ్మ దగ్గర పెరిగినవాడు, కీమో రోజుల్లో పక్కన కూర్చున్నవాడు, వాడికి ఇప్పుడు చర్చి అంటే అమ్మమ్మ ఖాళీ చేసి వెళ్ళిన కుర్చీ. వాడితో వాదించకండి, వాక్యాలు చెప్పి నోరు మూయించకండి, పాస్టరుగారితో చెప్పించడం అసలే వద్దు. రాత్రి అన్నం తిన్నాక పక్కన కూర్చుని, "నాకూ తెలీదు నాన్నా, నాకూ అదే బాధ" అనండి చాలు. పిల్లలకి ఏం నేర్పిస్తాను అని అడిగారు కదా, బాధని దేవుడి దగ్గర దాచకుండా బతకడం ఎలాగో వాడు మిమ్మల్ని చూసే నేర్చుకుంటాడు. మరియమ్మకి కూడా పన్నెండేళ్ళ కొడుకు యెరూషలేములో తప్పిపోయాడు, మూడు రోజులు వెతికింది, దొరికాక వాడు చెప్పిన జవాబు ఆ తల్లిదండ్రులకి అర్థం కాలేదని లూకా రాశాడు. అర్థం కాకపోయినా ఆ మాటలు మనసులో పెట్టుకుందట. మీరు కూడా బాబు మాటల్ని అలాగే ఉంచుకోండి. చర్చికి వస్తే సంతోషం, రాకపోతే ఆరోజు ఇంట్లో అన్నం మాత్రం కలిసి తినాలి అని చెప్పండి, అంతే.

పనుల గురించి చెప్పేస్తా. డ్రామా ఉంచుకోండి, పాప దేవదూత వేషం వేస్తోంది అన్నారు కదా, పిల్లల మధ్య ఉంటే మీకూ మంచిదే. పాట ఇంకొకరికి ఇచ్చేయండి, "ఈ ఏడు నా గొంతు రాదు" అంటే స్త్రీల సమాజంలో ఎవరూ కాదనరు, అన్నా పర్లేదు. పిండి వంటల్లో అరిసెలు ఒక్కటే చేయండి, అవి మీ అమ్మగారివి కాబట్టి, మిగతావి కొనుక్కోండి. పాకం పట్టేటప్పుడు అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని, మా అమ్మ ఇలా చేసేది అని చెప్పుకోండి. ఆవిడ వీధి గురించి మాట్లాడుతున్నారంటే ఆవిడకీ ఇంట్లో ఈ నిశ్శబ్దం భరించలేనట్టుగా ఉందేమో, కొడుకు దూరంగా ఉన్న తల్లి కదా ఆవిడ కూడా. క్యారల్స్ వాళ్ళు అర్ధరాత్రి డప్పుతో వచ్చినప్పుడు తలుపు తీయలేకపోతే అత్తగారే కానుక ఇస్తారు, మీరు పడుకోండి, నైట్ డ్యూటీలు చేసే మనిషి మీరు.

24 పొద్దున్నే పిల్లలిద్దరినీ తీసుకుని సమాధుల తోటకి వెళ్ళి కొవ్వొత్తి వెలిగించి రండి, ఏడుపొస్తే అక్కడ ఏడవండి. ఆ రాత్రి పన్నెండుకి ఆరాధన మొదలైతే కువైట్‌లో అప్పటికి తొమ్మిదిన్నరే, మీ ఆయన డ్యూటీ దిగి ఉంటే ఫోన్ కలిపి పాటలు వినిపించండి. ఆయన కూడా మీ అమ్మగారిని కడసారి చూడలేకపోయాడు, ఆ మాట ఆయన మీతో అన్నాడో లేదో, ఒకసారి మీరే అడగండి.

ఒక్క విషయం మాత్రం నర్సుగా మీకే బాగా తెలుసు. రెండు వారాలు దాటి నిద్ర పట్టకపోయినా, తిండి మానేసినా, బతకాలని లేదు అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా అది విశ్వాసం తక్కువై కాదు, వైద్యం కావాల్సిన విషయం. 14416 టెలీ మానస్ నంబరు, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్, డబ్బులు అక్కర్లేదు, రాత్రైనా పగలైనా తెలుగులో మాట్లాడతారు. ప్రార్థన చేస్తూనే ఫోన్ చేయండి.

నక్షత్రం గురించి అత్తగారికి ఇలా చెప్పండి. నక్షత్రం చూసి బయల్దేరిన జ్ఞానులు యేసు పుట్టిన రాత్రికి రాలేదు, ఎంతో దూరం నుంచి ఆలస్యంగా వచ్చారు, వాళ్ళ పండగ జనవరి 6. కాబట్టి టైముంది. కాగితం నక్షత్రం, బల్బు, వైరు అన్నీ హాల్లో ఒక పక్కన పెట్టి ఉంచండి, బాబుని కట్టమని మాత్రం అడగొద్దు. వాడు ఏ రోజు నిచ్చెన తెచ్చుకుంటే ఆ రోజు మీరు కింద నిలబడి పట్టుకోండి.