కొనే ముందు తిరగేసి చూడు

బుజ్జీ,

ఉద్యోగం మానేసి ఇస్తాంబుల్ వెళ్తున్నావట, పాత ఒట్టోమన్, అంటే టర్కీ సుల్తానుల కాలం నాటి, పట్టుకుట్టు బట్టలు కొని అమ్ముతావట. మీ అమ్మ ఫోన్‌లో ఏడుపు గొంతుతో చెప్పింది. ఆవిడ ముందు నేనూ "దీనికేం పిచ్చే" అనేశాను. ఫోన్ పెట్టేశాక మాత్రం, మన ఇంట్లో నాకు తోడు ఇంకొకత్తి తయారైందని ఎంత పొంగిపోయానో నీకు చెప్పకూడదు. చెప్పేశాను.

తేలిక సంగతులు ముందు. వెళ్ళగానే పర్సు తెరవకు. తోప్‌కాపీ ప్యాలెస్, సద్‌బెర్క్ హనుమ్ మ్యూజియం చూసి రా. భూతద్దం దగ్గరుంచుకో. ఎండపడే అద్దాల బీరువాలో వేలాడదీసిన పట్టు జోలికి పోకు.

పట్టు అంటున్నాం గానీ వీటిలో చాలావాటికి కింద బట్ట లినెనో నూలో అయి ఉంటుంది, పట్టు ఉండేది కుట్టుదారంలో. చేతి తువ్వాళ్ళు, బట్టలు మూటకట్టే చదరపు బోహ్చాలు, నడుముకు కట్టే ఉచ్‌కూర్లు. ఉచ్‌కూర్‌కి రెండు కొసల్లోనే పని ఉంటుంది, మిగతాది దుస్తుల్లో దాగిపోతుంది కాబట్టి. ఆ కొసలు కత్తిరించి ఫ్రేము కట్టి అమ్మేవాళ్ళుంటారు. ఎంత అందంగా ఉన్నా వద్దు.

పూల దగ్గర నిదానంగా చూడు. తులిప్, కార్నేషన్, గులాబీ, హయసింత్ కలిసి కనిపించే పద్ధతి 16వ శతాబ్దం మధ్యలో, సుల్తాన్ సులేమాన్ ఆస్థాన చిత్రశాలలో కరా మెమీ చేతిలో కుదురుకుంది. అంతకుముందు షా కులు అనే చిత్రకారుడు గీసినవి రంపపు అంచుల పొడవాటి ఆకులు, ఊహలో పూసిన పూలు. కరా మెమీ పూలు మాత్రం తోటలో కూర్చుని గీసినట్టుంటాయి. ఇజ్నిక్ ఊళ్ళో చేసిన రంగుల గోడ పలకల మీదా అవే, ఇంట్లో ఆడవాళ్ళు కుట్టిన దుప్పట్ల మీదా అవే. మూడు గుండ్రాలు, రెండు అలల చారలు కనిపిస్తే అది చింతామణి, అక్కడా అదే పేరు. 18వ శతాబ్దం నుంచి యూరప్ గాలి తగిలి, రిబ్బన్లు కట్టిన పూలగుత్తులు, ఇళ్ళు, పడవలు వచ్చాయి. అవి తక్కువరకం అనే డీలర్ల మాట నేనెప్పుడూ ఒప్పుకోలేదు.

ఇక అసలు సంగతి. లండన్‌లో నేను పనిచేసిన షాపుకి ఒకసారి ఒక తువ్వాలు వచ్చింది. రెండు కొసల్లో గులాబీ కొమ్మలు, ఆకుల్లో జరీ. పూల చుట్టూ ముదురు గోధుమరంగు గీత ఉండాల్సిన చోట వట్టి సూది రంధ్రాలే మిగిలాయి. పాతవాటిలో అది మామూలే. ఆ రంగుకి వాడిన ఇనుము ఏళ్ళ తరబడి పట్టుని తినేస్తుంది, ముందు రాలిపోయేది ఆ గీతే. యజమానికి అది లోపంలా కనిపించింది. బట్ట పసుపెక్కిందని టబ్బులో నానబెట్టించాడు. గులాబీల ఎరుపు కరిగి చుట్టూ పాకింది. అది కనిపించకుండా కొత్త గోధుమరంగు దారంతో ఆ గీతలన్నీ కుట్టించాడు. కొత్త సూది పోట్లకు పాత రంధ్రాలు చిరిగి ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి.

ఫ్రేములో పెడితే బ్రహ్మాండంగా ఉంది. కొనడానికొచ్చిన పెద్దావిడ ఫ్రేములోంచి తీయమంది. తీసి, తిరగేసింది. ఆ తువ్వాళ్ళ పనితనమంతా అందులోనే ఉంది బుజ్జీ, రెండు వైపులా ఒకేలా కనిపించేలా కుడతారు, ముడి అనేది కనిపించదు. దీని వెనక వైపంతా ముడులే. ఆవిడ ఒక్క మాటా అనకుండా బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ తర్వాత దాన్ని ఎవరూ కొనలేదు.

మరకలకి నువ్వు భయపడతావని నాకు తెలుసు. అమ్మమ్మ గద్వాల చీరని షాంపూతో ఉతికినదానివి నువ్వేగా! ఆ చీర తలుచుకుంటే ఇప్పటికీ నిన్ను రెండు తగిలించాలనిపిస్తుంది. ఈ తువ్వాళ్ళు వాడుకోవడానికి కుట్టినవి. 1718లో ఇంగ్లండు రాయబారి భార్య మేరీ మాంటేగు ఒక సుల్తానా ఇంట్లో భోంచేసి, అంత ఖరీదైన పట్టు, జరీ పూల గుడ్డలతో చేతులు తుడుచుకోవడానికి మనసు రాలేదనీ, భోజనం ముగిసేలోపే అవి పాడయ్యాయనీ ఉత్తరంలో రాసింది. మూడు వందల ఏళ్ళ నాటి పులావు మరకని నువ్వు వదిలించక్కర్లేదు. తడి స్పాంజి కూడా తగలనివ్వకు. మరీ అవసరమైతే పాత బట్టల్ని కాపాడే నిపుణులుంటారు, కన్సర్వేటర్ అంటారు, వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళు.

నాకు నిద్ర పట్టనివ్వని ఇంకొకటుంది. టర్కీలో 1983 నాటి 2863వ నంబరు చట్టం ఉంది. చారిత్రక విలువున్న వస్తువుని అనుమతి లేకుండా దేశం దాటిస్తే జైలే. కొట్టువాడు "కొత్తదే మేడమ్" అని బిల్లు రాసిస్తాడు, టీ తాగిస్తాడు, నీ సూట్‌కేసు మోసేది మాత్రం నువ్వే. అనుమానం ఉంటే అక్కడి మ్యూజియం నుంచి కాగితం తీసుకో, ఇవ్వకపోతే కొనకు. అక్కడ కళ్ళు పదును పెట్టుకో, కొనేది మాత్రం లండన్, పారిస్ వేలాల్లో, ఏ ఇంటినుంచి ఎలా వచ్చిందో కాగితాలున్నవే కొను. లాభం తగ్గుతుంది, తగ్గనీ. విమానాశ్రయంలో నిన్ను పక్కకి పిలిచినట్టు కలొచ్చి మొన్న లేచి కూర్చున్నాను. మీ అమ్మకి చెప్పకు.

దాచేటప్పుడు మడతపెట్టకు, ఆమ్లం లేని కాగితం వేసి గొట్టానికి చుట్టు.

డబ్బు సంగతి కూడా అమ్మ దగ్గర ఎత్తకు. మొదటి కొనుగోలుకి కొంత నేను వేస్తాను, వడ్డీ అక్కర్లేదు. బేరం కుదుర్చుకునే ముందు ఫోటోలు నాకు వాట్సాప్ చెయ్యి, వెనక వైపువి ముందు పంపు.

మీ పెద్దమ్మ