షుగర్ లేదు... మరి ‘స్వీట్ సిండ్రోమ్’ ఎందుకొచ్చింది?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. నెల కిందట జలుబు, గొంతునొప్పి వచ్చి తగ్గాయి. పది రోజులకు జ్వరంతో పాటు మెడ, చేతుల మీద ఎర్రటి మచ్చలు ఉబ్బెత్తుగా లేచాయి. ముట్టుకుంటే నొప్పి. యాంటీబయాటిక్స్ వాడినా తగ్గలేదు. బయాప్సీ చేసి ‘స్వీట్ సిండ్రోమ్’ అన్నారు. నాకు షుగర్ లేదు. ఇదెందుకు వచ్చింది? ఇంట్లోవాళ్లకు అంటుకుంటుందా?

జవాబు: ముందుగా ఆ భయం వదిలేయండి. ఇది ఒకరి నుంచి మరొకరికి అంటుకోదు. షుగర్‌తోనూ సంబంధం లేదు. 1964లో దీన్ని తొలిసారి వివరించిన బ్రిటన్ చర్మవైద్యుడు రాబర్ట్ డగ్లస్ స్వీట్ ఇంటిపేరే ఈ జబ్బుకు పెట్టారు.

మన రక్తంలో న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు ఉంటాయి. సూక్ష్మక్రిములు చొరబడిన చోటికి వెళ్లి పోరాడటం వాటి పని. ఈ జబ్బులో మాత్రం క్రిములు లేకపోయినా అవి గుంపులుగా చర్మంలోకి చేరి వాపు, మంట పుట్టిస్తాయి. అందుకే చూడటానికి ఇన్‌ఫెక్షన్‌లా ఉన్నా మీకు యాంటీబయాటిక్స్ పనిచేయలేదు.

మీరు చెప్పినదాన్ని బట్టి ఆ గొంతు ఇన్‌ఫెక్షనే దీన్ని రేపి ఉండొచ్చు. శ్వాసనాళాల పైభాగంలో ఇన్‌ఫెక్షన్ వచ్చిన ఒకటి నుంచి మూడు వారాల్లో ఇది కనిపించడం మామూలే. పేగుపూత, గర్భం కూడా కారణం కావచ్చు. కో-ట్రైమాక్సజోల్, మినోసైక్లిన్ వంటి మందులతోనూ కొందరికి వస్తుంది. కాబట్టి మచ్చలు రాకముందు వాడిన ప్రతి మందు పేరూ రాసుకెళ్లి మీ డాక్టర్‌కు చూపించండి.

మరో విషయం దాచకుండా చెప్పాలి. కొద్దిమందిలో ఇది రక్త క్యాన్సర్‌కు తొలి సూచన కావచ్చు. మీకు అదే ఉందని కాదు, టెన్షన్ పడకండి. కానీ సీబీసీ (రక్తకణాల లెక్క), రక్తం స్మియర్ (రక్తకణాలను మైక్రోస్కోప్‌లో చూడటం) పరీక్షలు మాత్రం వాయిదా వేయొద్దు. హిమోగ్లోబిన్ గానీ ప్లేట్‌లెట్లు గానీ తక్కువగా ఉంటే రక్తవ్యాధుల నిపుణుడిని కలవాల్సిందే.

స్వీట్ సిండ్రోమ్ చికిత్సకు చాలా బాగా లొంగుతుంది. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టాక రెండు మూడు రోజుల్లోనే జ్వరం, నొప్పి తగ్గుముఖం పడతాయి. హాయిగా ఉందని మాత్రలు మీ అంతట మీరు ఆపేయకండి. డాక్టర్ చెప్పినట్టు కొన్ని వారాల పాటు మోతాదు తగ్గిస్తూ రావాలి. స్టెరాయిడ్ పడనివారికి కోల్చిసిన్, డాప్సోన్ ఉన్నాయి. మూడోవంతు మందిలో మళ్లీ వచ్చే అవకాశం ఉంటుంది.

మచ్చలను గిల్లడం, సూదితో పొడవడం చేయకండి. చర్మానికి చిన్న గాయమైనా అక్కడ కొత్తవి లేవొచ్చు. కళ్లు ఎర్రబడి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.