స్లోలో నిలబడని బండి

చిన్నా,

నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పింది రాత్రంతా బుర్రలో తిరిగింది. మీ నాన్న స్ప్లెండర్ ఎనిమిది నెలలు వసారాలోనే ఉండిపోయింది. ఇప్పుడు కిక్ కొడితే స్టార్ట్ అవుతోంది, రేజ్ చేస్తే పరిగెడుతోంది, చెయ్యి వదిలితే ఠక్కున ఆగిపోతోంది. నువ్వేమో స్క్రూడ్రైవర్ తీసుకుని కనిపించిన స్క్రూ అల్లా తిప్పేశావు. తిట్టాను గానీ, నీ వయసులో నేను చేసిందీ అదే.

స్క్రూ తనంతట తాను తిరగదురా. బాగా నడిచిన బండి పక్కన పెట్టి తీశాక మొరాయిస్తోందంటే సెట్టింగ్ మారలేదు, లోపల ఏదో అడ్డుపడింది. అది తీయకుండా స్లో, అంటే చెయ్యి వదిలినప్పుడు ఇంజిన్ తిరిగే వేగం, పెంచావనుకో, అప్పటికి ఆగదు, కాస్త వేడెక్కాక సిగ్నల్ దగ్గర ఊరంతా వినపడేలా అరుస్తుంది.

గాలినీ పెట్రోల్‌నీ కలిపి ఇంజిన్‌కి పంపే కార్బొరేటర్‌లో పెట్రోల్‌కి రెండు దారులు. ఒక్కోదానికీ జెట్ అని సన్నటి రంధ్రమున్న ఇత్తడి ముక్క ఉంటుంది. రేజ్ చేసినప్పుడు గాలి దారిని తెరిచే స్లైడ్ పైకి లేచి మెయిన్ జెట్ నుంచి వస్తుంది. చెయ్యి వదిలితే స్లైడ్ కిందికి దిగిపోతుంది, ఇక ఇంజిన్ బతకాల్సింది స్లో జెట్ మీదే. ఆ జెట్ మీద 35 అనో 38 అనో అంకె ఉంటుంది. రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. నిలవున్న పెట్రోల్ ఆరిపోయి జిగురులా పట్టడానికి అంతకంటే అనువైన చోటు ఇంకేముంటుంది?

ముందు ఒక పరీక్ష చెయ్యి. బండి వేడెక్కాక చోక్ కొంచెం వెయ్యి, అది గాలి తగ్గించి పెట్రోల్ వాటా పెంచుతుంది. చోక్ మీద నిలబడి, తీయగానే ఆగితే పెట్రోల్ చాలడం లేదన్నమాట: స్లో జెట్ మూసుకుపోయి ఉండాలి, లేదా పక్కనుంచి గాలి లాగుతూ ఉండాలి. చోక్ వేస్తే ఇంకా ముందే ఆగిపోయి ప్లగ్గు నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువవుతోంది. అప్పుడు ఎయిర్ ఫిల్టరు, కార్బొరేటర్‌లో పెట్రోల్ మట్టాన్ని అదుపు చేసే ఫ్లోటు చూడాలి. నీది మొదటి రకమే అనిపిస్తోంది.

కార్బొరేటర్ విప్పేముందు ట్యాంక్ కాక్ కట్టేసి, కింద పెట్రోల్ నిలిచే బౌల్‌కి ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, అందులోది గాజు సీసాలో పట్టు. పది నిమిషాలు కదపకుండా ఉంచు. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాలే. దానికి తేమ పీల్చుకునే గుణం ఉంది. నీళ్లు ఎక్కువైతే అవీ ఇథనాలూ కలిసి అడుగున వేరే పొరలా కనిపిస్తాయి. అది కనిపిస్తే ట్యాంకులోదీ మొత్తం తీసెయ్యాల్సిందే, జెట్ ఒక్కటి కడిగి లాభం లేదు.

బౌల్ తీశాక లోపల రెండు ఇత్తడి జెట్లు కనిపిస్తాయి. చిన్నది స్లో జెట్. సరిగ్గా పట్టే స్క్రూడ్రైవర్‌తోనే తియ్యి, ఇత్తడి మెత్తన, గాడి చెడిపోతే అంతే సంగతులు. కొన్నిట్లో అది ఊడిరాదు, నొక్కి బిగించేసి ఉంటుంది. తీసిన జెట్‌ని వెలుతురుకి పట్టి చూడు, గుండ్రంగా చుక్క కనిపించాలి. లేకపోతే కార్బ్ క్లీనర్ కొట్టి కాసేపు నానబెట్టు. ఫ్లోటు తీసేసి పంక్చర్ షాపులో కంప్రెసర్ గాలి పట్టించు. కళ్లు జాగ్రత్త, లోపలి మురికి ఎటు చిమ్ముతుందో తెలియదు.

కుట్టుసూది మాత్రం పెట్టకు! నేను కొత్తలో ఒకాయన బండికి అలాగే పొడిచాను. స్లో బ్రహ్మాండంగా నిలబడింది, నేనూ మురిసిపోయాను. వారం తిరక్కుండా ఆయన నల్లటి ప్లగ్గు అరచేతిలో పెట్టుకుని వచ్చి, మైలేజీ సగానికి పడిపోయిందన్నాడు. రంధ్రం పెద్దదైపోయింది మరి. కొత్త జెట్ నా డబ్బులతోనే వేశాను. తప్పనిసరైతే కరెంటు వైరులోంచి ఒక్క సన్నటి రాగి పోగు తీసుకో.

జెట్ శుభ్రంగానే ఉంటే ఇంజిన్‌కీ కార్బొరేటర్‌కీ మధ్య ప్యాకింగ్, రింగు చూడు. రేజ్ చేసి వదిలాక స్పీడు వెంటనే దిగకుండా వేలాడుతుంటే అక్కడే అనుమానం. స్లోలో ఎలాగో నిలబెట్టి ఆ అతుకు మీద ఆయిల్ రెండు చుక్కలు వేస్తే శబ్దం మారుతుంది. పెట్రోల్ చల్లకు, పక్కనే సైలెన్సర్ కాలుతూ ఉంటుంది. బోల్టులు కూడా బలమంతా పెట్టి బిగించకు, బోల్టులు పట్టే అంచు, ఫ్లాంజ్, వంగుతుంది.

ఇక నువ్వు తిప్పేసిన స్క్రూలు. స్లైడ్‌ని ఎత్తేది స్లో స్క్రూ. రెండోది ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే గాలిది, లోపలికి తిప్పితే పెట్రోల్ వాటా పెరుగుతుంది. ఇంజిన్ వైపు ఉంటే లెక్క తిరగబడుతుంది. మెల్లగా ఆగేదాకా లోపలికి తిప్పి, ఒకటిన్నర చుట్టు వెనక్కి విప్పు. బండిని పది నిమిషాలు తిప్పి వేడెక్కనిచ్చి, స్లో కాస్త పెంచి, రెండో స్క్రూని పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతూ చెవి పెట్టి విను. ఎక్కడ శబ్దం అన్నిటికంటే హుషారుగా ఉందో అక్కడ ఆపి, తర్వాత స్లో తగ్గించు. 1400 ఆర్‌పీఎం దగ్గర ఉంటే చాలు.

ఇన్ని చేసినా చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక ఆగుతుంటే ట్యాపెట్లు, అంటే ఇంజిన్ వాల్వుల దగ్గరి సందు, బిగుసుకుని ఉండొచ్చు. ఆ పని నువ్వు పెట్టుకోకు.

సాయంత్రం ఆ సీసా ఫోటో పంపు. జెట్ మొండికేస్తే బలవంతం చెయ్యకుండా కార్బొరేటర్‌ని సంచిలో వేసుకుని ఆదివారం షాపుకి రా. అత్త పులిహోర చేస్తానంది.

మీ మావయ్య